చత్వారం పోగొట్టిన పొన్నగంటి కూర

కళ్లజోళ్ల షాపు పెట్టుకున్న నాకు వేసవిలో ఒకటే బాధ: జోడు కొనేవాళ్లకన్నా చల్లటి నీళ్లు తాగిపోయేవాళ్లు ఎక్కువ. 2023 మే నెలలో, నరసరావుపేటలోని మా షాపుకి రొంపిచెర్ల నుంచి వచ్చిన కోటేశ్వరరావు బాబాయ్ కూర్చోకముందే మూడు గ్లాసులు తాగాడు. పల్నాడు ఎండలో దాహాన్ని ఎవరూ రోగమనుకోరు. నేనూ అనుకోలేదు; నీళ్ల క్యాన్ గురించే దిగులుపడ్డాను.

ఆయన రాళ్ల లారీ డ్రైవరు. నేను ఆప్టోమెట్రిస్టుని, అంటే చూపు కొలిచేవాణ్ని, డాక్టర్ని కాను.

"దూరం బోర్డులు అలుక్కుపోతన్నయ్యి అబ్బాయ్. మొన్న వినుకొండ రోడ్డు మీద, దగ్గరికొచ్చిందాకా గేదె గేదెని తెలవలా. దగ్గర చూపు మాత్రం కుర్రోడి చూపు! నువ్విచ్చిన జోడు అవతల పారేసి పేపరు చదువుతున్నా."

ఆయన భార్య నాగమణి పిన్ని కొంగు సర్దుకుంది. "నెల్నుంచి పొన్నగంటి కూర పెడతన్నా. మా బజారోళ్లంతా అదే వండతన్నారు."

పొన్నగంటి కూర మంచిదే. కానీ చత్వారం, అంటే నలభై దాటాక దగ్గరి అక్షరాలు మసకబారడం, ఆకుకూరకి లొంగుతుందని మా కాలేజీలో చెప్పలేదు. పరీక్షిస్తే, ఏడాది కిందట దూరానికి అద్దమే అక్కర్లేని రెండు కళ్లకీ మైనస్ రెండు పవర్ వచ్చింది. మైనస్ అంటే దగ్గరిది కనిపించి దూరం మసకబారడం. యాభై దాటినాయనకి ఏడాదిలో ఇంత మార్పా?

ఈలోగా బాబాయ్ నాలుగో గ్లాసు నింపుకున్నాడు. అప్పుడు వెలిగింది.

"రాత్రిళ్లు ఎక్కువసార్లు లేస్తున్నావా బాబాయ్?"

"నీళ్లు తాగినోడు లేవడా ఏంది?"

"చొక్కాలు కూడా వదులైనయ్యి," అంది పిన్ని. "కూర వల్ల ఒళ్లు తేలికైందనుకున్నా."

రక్తంలో షుగర్ బాగా పెరిగితే కంటిలోని లెన్సు ఉబ్బి పవర్ మైనస్ వైపు మారిపోవచ్చు; అప్పుడు చత్వారం ఉన్నా దగ్గరిది కనిపిస్తుంది. జోడు అమ్మకుండా ఎదురు ల్యాబుకి పంపాను. ర్యాండమ్ షుగర్, అంటే తిన్నా తినకున్నా చేసే పరీక్ష, నాలుగు వందలు దాటింది.

"నాకు తీపంటేనే పడదే!" అన్నాడు బాబాయ్. "మరి లారీ?"

"ఇప్పుడే డాక్టర్ దగ్గరికి పదండి. చూపు కుదిరేదాకా తాళాలు పిన్ని దగ్గరుంచు."

కొన్ని వారాలకి షుగర్ దిగింది. దూరం తేటపడింది, బాబాయ్ మళ్లీ స్టీరింగ్ పట్టాడు. చత్వారం కూడా తిరిగొచ్చింది. చూపు చెడిందంటే ఇప్పటికీ ముందు పవరే చూస్తాను. ఉన్నట్టుండి బాగుపడిందంటే మాత్రం ముందు దాహం సంగతి అడుగుతాను.

షుగర్ దిగాక మళ్లీ షాపుకొచ్చిన రోజు బాబాయ్ పేపరు చేతులు చాచి పట్టుకుని తంటాలు పడుతుంటే, పిన్ని నావైపు తిరిగింది.

"నా కూర తిన్నన్నాళ్లూ పేపరు చదివినోడు, నువ్వు చూసినాక గుడ్డోడయ్యాడు."