సలోమీ టీచరు వాగ్దానాల డబ్బా

ఈ ఉదయం మీ ఫోనులోకి వచ్చిన భక్తి వాక్యం మిమ్మల్ని ఏం అడిగింది? గులాబీ పువ్వు పక్కన బంగారు రంగు అక్షరాలతో వచ్చి ఉంటుంది. చేతులు జోడించిన బొమ్మ ఒకటి మీరు తిరిగి పంపి ఉంటారు. అది మీకేం ఇస్తానందో గుర్తుండే ఉంటుంది. మిమ్మల్ని ఏమైనా అడిగిందా?

ఈ ప్రశ్న నా సొంతం కాదు, సలోమీ టీచరుది. నిన్న గుంటూరు నుంచి ప్రత్తిపాడు వైపు వస్తుంటే రోడ్డు పక్క కళ్లాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి. ఘాటు ముక్కుకెక్కి బస్సులో వాళ్లమంతా ఒక్కసారిగా దగ్గాం. ముందు పోతున్న ఆటో వెనక, దేవుడే తన కాపరి అని ఎర్ర రంగుతో రాసుకున్నాడు డ్రైవరు. దగ్గుతూనే ఆవిడను తలుచుకున్నాను.

నేను హేతువాదిని. దేవుడు లేడని సభల్లో చెప్పాను, పత్రికల్లో రాశాను, ఇప్పటికీ అదే చెబుతాను. అలాంటి నన్ను దిద్దిన మొదటి మనిషి బైబిలు పక్కన పెట్టుకుని నిద్రలేచే టీచరంటే మిత్రులకు మింగుడుపడదు. ఆవిడ మా ఊరి బడికి వచ్చిన కొత్తలో పంతుళ్లందరికీ కుండ మీద ఒక స్టీలు గ్లాసు ఉండేది. దళితురాలు కాబట్టి ఆవిడకు మాత్రం కిటికీలో బోర్లించిన సత్తు గ్లాసు. ఒకరోజు పిల్లలందరం చూస్తుండగా ఆవిడ నేరుగా కుండ దగ్గరికి నడిచి, స్టీలు గ్లాసుతో నీళ్లు ముంచుకుని తాగి, కడిగి యథాస్థానంలో పెట్టారు. "ఏంటమ్మా ఇది?" అన్నాడు హెడ్మాస్టరు. "దాహం వేసిందండి" అన్నారు. మర్నాటి నుంచి కిటికీలో గ్లాసు లేదు.

పెద్దయ్యాక ఒకసారి ఆ ధైర్యం గురించి అడిగాను.

"ధైర్యమెక్కడిదిరా, భయపడుతూనే వెళ్లా. ఆ పొద్దున చదివిన వాక్యంలో భయపడకు అని ఉంది. భయం లేనోడికి ఆ మాట ఎందుకు చెబుతారు?"

"దేవుడు లేకపోయినా మీరు ఆ నీళ్లు తాగేవాళ్లే టీచర్."

"తాగేదాన్నేమో. ఆ రోజు మాత్రం తాగేదాన్ని కాదు."

ఆవిడ పద్ధతి చాలా మామూలుది. పొద్దున్నే ఒక వాక్యం చదివేవారు. సాయంత్రం వాకిట్లో కూర్చుని అది ఆ రోజు ఏ పనికొచ్చిందో తనను తాను అడిగేవారు. పనికి రాకపోతే మర్నాడూ అదే. "ఇంకా ఆ వాక్యం దగ్గరే ఉన్నానురా, ముందుకు పోవట్లా. మా ఆడపడుచుని క్షమించాలంట" అని తప్పిన పరీక్ష గురించి చెప్పినట్టు చెప్పి నవ్వేవారు.

మా ఊరి చర్చిలో కొత్త సంవత్సరం ఉదయం ఆరాధన అయ్యాక వాగ్దానాల డబ్బా తిప్పుతారు. అందులో వాక్యాలు అచ్చువేసిన చిన్న కార్డులుంటాయి. ఇంటికొకటి తీసుకోవాలి. చేతికి వచ్చిన వాక్యమే ఆ ఏడాదికి ఆ ఇంటి వాగ్దానం. దాన్ని గోడకు అంటిస్తారు. ఇంటికొచ్చిన వాళ్లు కుర్చీలో కూర్చోకముందే "మీకేం వచ్చింది?" అని అడిగి మరీ చదువుతారు. రిటైరయ్యాక డబ్బా బాధ్యత టీచరు మీద పడింది. "ఆయన మనకేమిస్తాడో అన్నీ అచ్చువేశారు. మనల్నేం చెయ్యమన్నాడో ఒక్కటీ వెయ్యలేదు చూశావా?" అన్నారు నాతో. అట్టముక్కలు కత్తిరించి, బడిలో మాకు దిద్దబెట్టిన ఆ గుండ్రటి అక్షరాలతోనే ఆజ్ఞలు రాసి అచ్చు కార్డుల్లో కలిపేశారు.

"వచ్చి చూడరా, తిట్టడానికైనా పనికొస్తుంది" అంటే ఆ ఉదయం వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాను. ఆ ఏడాది మిరప ధర బాగుంది. మామూలుగా ఆఖరి కోత అయ్యాక చేలో మిగిలిన కాయలు, రంగుపోయిన తాలుకాయలు పేదవాళ్లు ఏరుకుంటారు. దాన్నే పరిగ అంటారు. మస్తాన్‌బీ అనే వితంతువు ఆ పరిగ కాయలు దంచి, ఆ కారం ఇంటింటికీ తిరిగి అమ్ముకునేది. ఆమెకు వేరే ఆధారం లేదు. ఈసారి తాలుకాయలకు కూడా బేరం రావడంతో రైతులు చేలల్లోకి పోయే దారులకు ముళ్లకంప అడ్డం వేశారు. మొదట వేసినవాళ్లలో ఒకడు కౌలుకు మిరప వేసిన దావీదు, చర్చి పెద్ద. ఇంకొకరు మా నాన్న.

డబ్బాలో చెయ్యి పెట్టిన దావీదుకు టీచరు రాసిన కార్డు వచ్చింది. చేను అంచుల దాకా కోయొద్దు, మిగిలింది పేదవాళ్లకూ పరదేశులకూ వదిలెయ్యమని దాని సారాంశం.

"టీచరమ్మా, ఇది వాగ్దానం కాదు. ఇందులో నాకేం ఇస్తానని లేదే?"

"అది మస్తాన్‌బీకి వాగ్దానం దావీదూ. నీ చేతికొచ్చింది."

"ఇంకోటి తీస్తా."

"తియ్యి, డబ్బా ఇక్కడే ఉంది. చదివింది ఎట్టా మర్చిపోతావో చూసుకో."

జనం గొల్లున నవ్వారు. దావీదు భార్య రూతమ్మ ఆ కార్డు లాక్కుని కొంగున కట్టుకుంది. నేనూ నవ్వాను. టీచరు నా దగ్గరికి వచ్చారు. "ఏరా, నవ్వు బాగానే ఉంది. పక్క చేను మీ నాన్నదేగా. నీకు డబ్బా లేదు, కార్డు లేదు. ఆ కంప ఎట్టా తీయిస్తావో తీయించు. చప్పట్లు కొడతా."

ఇంటికి వెళ్లి నాన్నతో వాదించాను. భూమి గురించి, శ్రమ గురించి, పంటలో సమాజం వాటా గురించి చెప్పాను. ఆయన అన్నం కలుపుకుంటూ అంతా విన్నాడు. "నువ్వు చెప్పేది నిజమేరా" అన్నాడు చివరికి. వాదనలో గెలిచాను. కంప అక్కడే ఉంది.

ఆఖరి కోత రోజుల్లో దావీదు కూలీలను కేకేసి చివరి సాళ్లు వదిలెయ్యమన్నాడు. తన కంప తనే పక్కకు ఈడ్చాడు. గట్టు మీదుగా పోతున్న టీచరుతో "మా ఆవిడ దాన్ని టీవీ పక్కనే అంటించిందమ్మా. వచ్చినోళ్లంతా చదవడం, నా మొహం చూడటం. ఇల్లు కాస్తా కోర్టయిపోయింది" అని మొత్తుకున్నాడు. ఆవిడ నవ్వలేదు. మా కంప వైపు ఒకసారి చూసి వెళ్లిపోయారు.

మర్నాడు నేను కర్ర తీసుకుని, కోత ముగిసిన మా చేనికి వెళ్లాను. చేతులు గీరుకుపోయాయి. మనిషి పట్టేంత సందు చేసేసరికి నాన్న గట్టు మీదికి వచ్చాడు.

"అయిందా నీ ఉపన్యాసం?"

"అయింది నాన్నా."

"గొడ్లు పడితే నువ్వే తోలాలి."

మస్తాన్‌బీ పక్క చేలో ఏరడం ఆపి, ఆ సందులోంచి వచ్చి, ఆయన అరుస్తాడేమోనని కాసేపు ఆగి, తర్వాత కాయలు ఏరడం మొదలుపెట్టింది. "బాగానే వదిలారండీ పెదబాబుగారూ" అంది. "నేనేం వదల్లా. కూలోళ్లు సరిగ్గా కోయలేదు" అన్నాడు నాన్న. "అట్టాగేనండి. ఏటా ఇట్టాగే సరిగ్గా కోయించకండి" అందామె తలెత్తకుండా.

సంగతి విని టీచరు నిజంగానే చప్పట్లు కొట్టారు, వాకిట్లో నిలబడి, దారిన పోయేవాళ్లు చూస్తున్నా సరే.

ఆవిడ పోయినప్పుడు సమాధి దగ్గర అందరూ ప్రార్థన చేశారు. నేను చేయలేదు. చేస్తే ఆవిడే నవ్వేవారు. ఆవిడ దేవుడు నాకు అందలేదు, సాయంత్రం ప్రశ్న మాత్రం అందింది. వ్యాసం రాయడం ముగించిన ప్రతిసారీ, ఇది ఏ దారిలో కంప తీసిందని అడుగుతాను. చాలాసార్లు జవాబు ఏమీ ఉండదు. అప్పుడు ఆవిడలాగే మర్నాడు మళ్లీ అక్కడి నుంచే మొదలుపెడతాను.

మీ గోడ మీద ఉన్నది బైబిలు వాక్యం కావచ్చు, శ్లోకం కావచ్చు, ఖురాన్ ఆయతు కావచ్చు, నాలాంటివాళ్ల నినాదం కావచ్చు. ఈరోజే దాన్ని దించి చదవండి. అది మీకేం ఇస్తానంటోందో పక్కన పెట్టండి. మిమ్మల్ని ఏం వదలమంటోందో వెతకండి. దొరికాక మళ్లీ గోడకు తగిలించకండి. ముందు వెళ్లి మీ కంప తీయండి.