మా వద్ద ఉండెను

నా చిన్నప్పుడు, మా నాన్న పద్నాలుగేళ్లు చేసిన పనిని ఒక యజమాని నాలుగు మాటల్లో లేకుండా చేశాడు. ‘ఇతడు మా వద్ద ఉండెను’ అని రాసి, కింద సంతకం పెట్టి, ముద్ర కొట్టి ఇచ్చాడు. అది తప్పు. అప్పుడూ తప్పే, నాకు డెబ్బై దాటాక ఇవాళ తీసి చూసినా తప్పే.

మాది పాలమూరు వైపు. కరువుకు ఊరు విడిచి వచ్చిన నాన్న, నారాయణగూడలో ఒక చిన్న ప్రెస్సులో ఊడ్చే పనికి కుదిరాడు. రెండేళ్లలో, కాలితో తొక్కే అచ్చు మిషన్ మీదికి వచ్చాడు. ఎవరూ పక్కన నిలబడి నేర్పలేదు. మిషన్‌మ్యాన్ జ్వరంతో రాని రోజుల్లో తనే నిలబడి నేర్చుకున్నాడు. పెళ్లికార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, ఒక్క అక్షరం చదవడం రాని మనిషి ఎన్ని అచ్చు వేశాడో లెక్కలేదు. పాడైపోయిన కాగితాలు ఇంటికి తెచ్చేవాడు. నేను చదువు మొదలుపెట్టింది వాటి మీదే. బడి నాకు నాలుగో తరగతితో సరి. ఆ పైన నేర్చుకున్నదంతా ఆ చెత్తకాగితాలూ, చిక్కడపల్లి లైబ్రరీ బల్లలూ పెట్టిన భిక్ష.

పనిలో చేరిన పదో ఏట ఆ మిషన్ నాన్న కుడిచేతి రెండు వేళ్లు నలిపేసింది. కట్టు విప్పిన వారానికే ఆయన మిగిలిన మూడు వేళ్లతో మళ్లీ దాని ముందు నిలబడ్డాడు. ఇంకో నాలుగేళ్లు అలాగే నడిపాడు. తర్వాత యజమాని ప్రెస్సు ఎత్తేసి బట్టల వ్యాపారంలోకి పోయాడు. బషీర్‌బాగ్‌లో ఇంకో ప్రెస్సు వాళ్లకు మిషన్‌మ్యాన్ కావాలని తెలిసి నాన్న అక్కడికి వెళ్లాడు. పాత చోటి నుంచి కాగితం తెమ్మన్నారు. నెలాఖరులోగా తెస్తే పని ఆయనదే. లేదంటే మూడు వేళ్లతో ఇటుకల తట్ట పట్టుకోవాలి.

కాగితం అడగడానికి నాన్న వెంట నేనూ వెళ్లాను. ఏమని రాయాలని యజమాని అడిగాడు. నాన్న చేతులు కట్టుకుని, “మీ దగ్గర ఉన్న అని రాయుండ్రి దొరా” అన్నాడు. మావాళ్ల తీరే అంత. మేస్త్రీ దగ్గర ఉన్న అంటారు, సేటు దగ్గర ఉన్న అంటారు. ఏం చేశారో చెప్పరు. పని ఇచ్చినవాడి ముందు చేసిన పని పేరెత్తడం పొగరు అనుకుంటారు. అడిగినట్టే రాశాడు కదా అని మీరు అనవచ్చు. పద్నాలుగేళ్లు ఎదురుగా కూర్చుని చూసినవాడు అతను. మిషన్ నడిపాడని రాస్తే వేళ్ల సంగతి ఎవరైనా అడుగుతారని కూడా తెలిసినవాడు. మా నాన్న వినయం అతనికి కలిసొచ్చింది, అంతే.

బషీర్‌బాగ్ మేనేజరు ఆ కాగితం చూసి, “ఉండెనంటే ఏంది, వాచ్‌మన్‌గ ఉన్నవా?” అని తిరిగి ఇచ్చేశాడు.

అప్పుడు మా బస్తీవాళ్లు నాన్నను అర్జీల తాత దగ్గరికి పొమ్మన్నారు. నారాయణగూడ చౌరస్తాలో, మూసి ఉన్న దుకాణం అరుగు మీద రాతబల్ల పెట్టుకుని కూర్చునే ముసలాయన. ఉర్దూలోనూ తెలుగులోనూ అర్జీలు రాసేవాడు. కోపిష్టి అని పేరు. ఏం చేశావని ఆయన నాన్నను అడిగాడు.

“ప్రెస్సుల ఉన్న సార్.”

“ఉండుడు గూడ ఒక పనేనా? గోడకు బల్లి గూడ ఉంటది.”

నాన్న నవ్వాడు. తాత కలం పక్కన పెట్టేశాడు. “నోటితోని చెప్పకు భాయ్. మిషన్ గీడ ఉన్నదనుకో. చేసి సూపెట్టు.”

నడిబజారు. నాన్న అటూ ఇటూ చూశాడు. కాసేపటికి కుడికాలు ఎత్తి, లేని మిషన్‌ను తొక్కడం మొదలుపెట్టాడు. కుడిచేయి కాగితం పెట్టింది, ఎడమచేయి తీసింది. పెట్టింది, తీసింది. సోడాబండి మనిషి, “ఏందన్నా, పూనకమొచ్చిందా ఈనకు?” అని పక్కవాడితో అన్నాడు. నలుగురు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టైంది. తాత మాత్రం నాన్న చేతుల మీద నుంచి చూపు తిప్పకుండా రాస్తూ పోయాడు. కాగితం ఎక్కించాను. అచ్చు తీశాను. అక్షరాల చట్రం బిగించాను. సిరా పట్టించాను. రోలర్లు కిరసనాయిలుతో కడిగాను. నా తర్వాత వచ్చిన ఇద్దరికి ఈ పని నేర్పాను. నాన్న చెయ్యి ఒక్కో పని చేసి చూపిస్తే ఆయన ఒక్కో మాట రాశాడు.

మధ్యలో ఆగి, “ఆ రెండు వేళ్లేవి?” అన్నాడు.

“మిషన్ తీస్కున్నది సార్.”

తాత ఇంకో మాట రాశాడు: వేళ్లు పోయాక కూడా నాలుగేళ్లు నడిపాను.

అంతవరకు వచ్చాక నాన్నకు ధైర్యం వచ్చినట్టుంది. “జర పెద్దగ రాయుండ్రి సార్. ప్రెస్సు మొత్తం నేనే నడిపిచ్చిన అని” అన్నాడు.

“మల్ల అది గూడ చేసి సూపెట్టు.”

నాన్న నిలబడ్డాడు. అంతసేపూ గాలిలో పని చేసిన ఆ చేతులు ఏం చేయాలో తెలియక రెండు పక్కలా వేలాడాయి.

“చెయ్యి సూపెట్టలేనిది నేను రాయ. చెయ్యి సూపెట్టిందాన్ని ఇంకొకణ్ణి కొట్టెయ్యనియ్య. పో, తీస్కపో” అన్నాడు తాత. ఈ మాటలే రాసి ఇవ్వండని యజమానిని కోరుతూ అర్జీ ముగించాడు. పైసలు ఇవ్వబోతే తీసుకోలేదు.

యజమాని ఆ అర్జీ తీసుకుని దసరా పోయాక రమ్మన్నాడు. ఆయుధపూజకు ఆ మిషన్‌ను తుడిచి ఏటా బొట్టు పెట్టింది మా నాన్న. ఆ సంగతి కూడా అతనికి గుర్తు రాలేదు. నెలాఖరు దాటింది. బషీర్‌బాగ్‌లో ఇంకొకరిని పెట్టుకున్నారు. నాన్న బాగ్ లింగంపల్లిలో లేస్తున్న ఇళ్ల దగ్గర తట్టలు మోయడానికి వెళ్లాడు.

అర్జీల తాత చెప్పింది మాత్రం నేను వదల్లేదు. మా మేడ మీద కిరాయికి ఉంటున్న అమ్మాయిదీ పాలమూరే. మొన్న ఉద్యోగం కోసం రెజ్యూమె చూపించింది. అశోక్‌నగర్‌లో ఒక కంప్యూటర్ దుకాణంవాడు తయారుచేశాడట. బలమైన మాటలు పెడితేనే పిలుస్తారని, ల్యాబు మొత్తానికి నాయకత్వం వహించానని రాసిపెట్టాడు. నువ్వు నిజంగా ఏం చేశావమ్మా అని అడిగాను.

“డయాగ్నొస్టిక్ సెంటర్‌ల ఉన్న తాతా, నాలుగేండ్లు.”

అరవై ఏళ్ల తర్వాత అదే మాట. నాకు ఒళ్లు మండింది. చేసి చూపించమన్నాను. సిగ్గుపడుతూనే నా జబ్బకు తువ్వాలు బిగించింది, నరం వెతికింది, సూది పెట్టినట్టు, రక్తం తీసినట్టు, సీసా మీద పేరు రాసినట్టు చూపించింది. ఏడ్చే పసివాళ్లను ఎలా పట్టుకుంటుందో కూడా చూపించింది. దుకాణంవాడి మాట కొట్టేయించి, చూపించినవన్నీ వరుసగా రాయించాను.

“చిన్నగ అయిపోయింది గద తాతా” అంది.

“కానీ. నడిమిట్ల ఆపి అడిగితే నీ చెయ్యి జవాబు చెప్తది” అన్నాను. మాటకు బలం పనిలోంచి రావాలి. దుకాణంలోంచి కాదు.

ఆ అమ్మాయికి చెప్పనిది ఒకటుంది. చలికాలం పోతుండగా యజమాని దగ్గర నుంచి నాన్నకు ఒక కార్డు వచ్చింది. నాకప్పుడు పదేళ్లు. నాన్న తట్ట మోసి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా చదవమన్నాడు. మొదటి వాక్యం చదివాను. రెండోదాంట్లో సగం దాకా వచ్చి, మిగతాది కళ్లతో చూసి ఆగిపోయాను. “నడిపిన అని రాసిండా?” అన్నాడు నాన్న. రాశాడన్నాను. ఆయన ముఖం అంత వెలగడం నేను అంతకుముందు చూడలేదు.

మర్నాడు ఉతికిన చొక్కా వేసుకుని ఆ కార్డు పట్టుకుని బషీర్‌బాగ్ నడిచి వెళ్లాడు. చదివి, చూస్తామన్నారట. తర్వాత ఎక్కడ ప్రెస్సు కనిపిస్తే అక్కడికి వెళ్లాడు. అందరూ చదివారు, అందరూ చూస్తామన్నారు. ఒక్కరూ పైకి చదవలేదు. పన్నెండేళ్లు, పోయేదాకా, ఆయన దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాడు. తన పనికి సాక్ష్యం ఉందనుకుంటూ. నేను మింగేసిన మాటలు ఆయన గుండె మీదే ఉన్నాయి. చెబుదామని ఎన్నోసార్లు అనుకున్నాను. ఆ ముఖం గుర్తొచ్చి నోరు రాలేదు.

అర్జీల తాత రాసిన అన్ని మాటలకూ యజమాని ఇచ్చిన జవాబు అది. కార్డు ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఆ రోజు చదవనిది ఈ రోజు పూర్తిగా చదువుతున్నాను:

“ఇతడు మా వద్ద ఉండెను. యంత్రము నడుపుచు, తన అజాగ్రత్త వలన రెండు వ్రేళ్లు పోగొట్టుకొనెను. పనిలో పెట్టుకొనువారు ఆలోచించుకొనగలరు.”