సామ్రాజ్యం పిన్నికి చెప్పిన కబురు

మా అమ్మ చెల్లెలు సామ్రాజ్యం పిన్నికి గురువారాలు సగం కలలోనే గడుస్తాయి. మస్కట్‌లో నేను నర్సుగా, తను ఆయాగా చేసేది యూనివర్సిటీ ఆసుపత్రిలో. డాక్టరు చదివే పిల్లల్ని వార్డు పనిలో పెట్టేముందు అక్కడ గురువారాలు చావు కబురు చెప్పడం నేర్పుతారు. అందుకు ఓ ఉత్తుత్తి బంధువు కావాలి. ఆ వేషం పిన్నిది. అరబ్బీ బాగా పట్టుబడింది, ఏడుపు ఎవరూ నేర్పక్కర్లేదు.

తెల్ల తెర వెనక కూర్చుంటుంది. ఏసీ సన్నగా మూలుగుతుంటుంది. ఒక్కో పిల్ల వచ్చి ఒక్కో గొంతుతో “మీ భర్త చనిపోయారు” అంటుంది. వాళ్లు నోరు తెరిచేదాకా, నిజంగానే పోయిన బాబాయి ఎక్కడో బతికే ఉన్నట్టుంటుందట.

“ఆ కాసేపూ ఎంత హాయిగా ఉంటుందో తెలుసా!” అంటుంది. ఇదేం పిచ్చో! నాకు ఒళ్లు మండిపోతుంది.

కొండయ్య బాబాయి దూరాన సూర్ అనే ఊళ్లో కంపెనీ డ్రైవరుగా చేసేవాడు. ఆయన పోయిన రోజు కంపెనీవాళ్లు ఫోన్‌లో “సీరియస్‌గా ఉంది, వెంటనే రండి” అన్నారు. మనవాళ్లంతా అలాగే అంటారుగా, మెల్లగా తెలియాలని. మేముండే సీబ్ నుంచి సూర్ దాకా టాక్సీలో, పక్కన మసకమసకగా సముద్రం సాగుతుంటే, పిన్ని బాబాయి ప్రాణం నిలపమని ప్రభువును అడుగుతూనే ఉంది. అప్పటికే ఆయన మార్చురీలో ఉన్నాడు.

మొన్న గురువారం సఫూరా అనే అమ్మాయికి ఆఖరి అవకాశం. ఉన్నమాట చెప్పలేకపోతే వార్డుకు పంపరు, ఏడాది పోతుంది. నేను అద్దం ఇవతల వాళ్ల మేడమ్ పక్కన నిలబడి చూస్తున్నాను. ఆ పిల్ల పిన్ని చెయ్యి పట్టుకుని, “ఖాలా” అంది. అరబ్బీలో ఖాలా అన్నా పిన్నే. “ఆయనకి చాలా సీరియస్‌గా ఉంది.”

అయిపోయింది, ఏడాది గంగలో కలిసింది అనుకున్నాను.

పిన్ని వేషం మరిచిపోయి అరిచింది.

“సీరియస్ ఏమిటి? దారంతా నాచేత ప్రార్థన చేయిస్తావా? ఉన్నాడా, లేడా?”

సఫూరా కళ్లు దించలేదు.

“లేరు ఖాలా. చనిపోయారు. మీరు బయల్దేరకముందే చనిపోయారు.”

ఇక్కడ పిన్ని గుండెలు బాదుకోవాలి. బాదుకోలేదు. ఆ పిల్ల భుజం మీద తల వాల్చి కళ్లు మూసుకుంది. సమయం అయిపోయినా మేడమ్ గంట కొట్టలేదు. చివరికి సఫూరాను వార్డుకు పంపమని సంతకం పెట్టింది.

బయటికొచ్చాక, ఇంకెప్పుడూ ఆ గదికి వెళ్లొద్దని గట్టిగా తిడదామనుకున్నాను. పిన్ని మొహం చూసి ఆగిపోయాను.

“ఇన్నాళ్లకి నాకు చెప్పారే, అబిగైలూ,” అంది.