మొట్టికాయ

స్విచ్చి వేస్తుంది. కంప్యూటరు డబ్బాలో గోల మొదలవుతుంది. కుడిచేతి మధ్యవేలు మడిచి, ఆ కణుపుతో పక్కరేకు మీద రెండు మొట్టికాయలు వేస్తుంది. గోల తగ్గుతుంది. అప్పుడు కుర్చీ ముందుకు లాక్కుంటుంది.

టైపు చేస్తున్నప్పుడు కూడా అంతే. ఎడమచెయ్యి అక్షరాల మీదే ఉంటుంది, కుడిచెయ్యి వెళ్లి మొట్టి వస్తుంది. పక్కన కూర్చున్నవాళ్లు ఉలిక్కిపడతారు. ఆమెకు తెలియనే తెలియదు.

వీధిలో ఆమెను టైపక్క అంటారు. నలభై ఏడేళ్లు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు కూడా తగ్గిపోయారు. పద్దెనిమిదేళ్లు ఒక ఆఫీసులో మూడో అంతస్తులో కూర్చుని ఉత్తరాలు కొట్టింది. ఆ ఆఫీసు మూతపడింది. కుర్చీలు, బల్లలు, కంప్యూటర్లు పాతసామాను వ్యాపారి ఎత్తుకుపోయాడు. అతని కొట్టుకు వెళ్లి ఒక కంప్యూటరు కొనుక్కుంది. దాని నెత్తిన ఇంకా చీటీ అంటించి ఉంది: రెండో అంతస్తు, పద్నాలుగో సీటు. అక్కడ ఎవరు కూర్చునేవారో ఆమెకు గుర్తు లేదు. చీటీ పీకలేదు.

ఇంటి ముందు భాగం తమ్ముడి షాపు. కాలిపోయిన మోటార్లకు కొత్త తీగ చుడతాడు. తండ్రి చేసిన పని అదే. ఆ షాపు వెనక గదిలో ఆమె బల్ల. గోడకు అటు రాగి తీగ వాసన, ఇటు కాగితం వాసన.

ఆ ఇంట్లో పిల్లలకు పడని దెబ్బలన్నీ యంత్రాలకు పడేవి. పంపు ఆగితే ఒకటి, ఫ్యాను మూలిగితే ఒకటి, రేడియో గరగరమంటే రెండు. దెబ్బకు దెయ్యం దిగుతుంది అనేవాడు తండ్రి. ఆయన నమ్మిన శాస్త్రం అదొక్కటే. చాలాసార్లు అది పనిచేసేది కూడా. అందుకే అక్కాతమ్ముళ్లకు అది చేతిలో ఉండిపోయింది.

రెండు నెలల కిందట డబ్బా ఒక కొత్త సంగతి చెప్పడం మొదలుపెట్టింది. స్విచ్చి వేయగానే నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. నేను అన్నీ దాచే డిస్కు ఏరోజైనా పోవచ్చు, ఉన్నది ఇంకోచోట పెట్టుకో, ముందుకు పోవాలంటే ఎఫ్ వన్ మీట నొక్కు. మొదటిరోజు ఆమె మొత్తం చదివింది. రెండోరోజు సగం చదివింది. మూడోరోజు నొక్కింది.

"ఏమంటోంది?" అని అడిగాడు తమ్ముడు.

"పోతానంటోంది."

"పోయేవాడు చెప్పి పోడులే."

ఆ సమయంలోనే వాల్వు బాబాయ్ రావడం మొదలుపెట్టాడు. నీళ్ల ఆఫీసులో ఫిట్టరుగా రిటైరయిన మనిషి. ఊళ్లో ఏ గొట్టం ఏ సందు కింద పోతుందో, ఏ వాల్వు ఎక్కడ పూడి ఉందో ఆయన ఒక్కడికే తెలుసు. మ్యాపు ఒకటి ఉండేదట.

"నీళ్ల ఆఫీసు మ్యాపు కదా, నీళ్లలోనే పోయింది" అన్నాడు. "ఇప్పుడు ఎక్కడ తవ్వాలన్నా నా తలుపు కొడతారు. నేను చెప్తాను, నువ్వు కొట్టు. తర్వాత నన్ను తవ్వుకోకుండా కాగితం తవ్వుకుంటారు."

సాయంత్రం వచ్చేవాడు. రోజుకు ఒక వీధి చెప్పి వెళ్లిపోయేవాడు. కళ్లు మూసుకుని చెప్పేవాడు. చెప్తున్నప్పుడు ఎడమచెయ్యి గాలిలో ఏదో చక్రాన్ని తిప్పేది.

"కోళ్ల సందు. బేకరీ మెట్టు మీద నించుని రోడ్డు వైపు మూడు. లోతు నాలుగు. ఈ వాల్వు అన్నిటిలా కాదు, ఎదురు తిరుగుతుంది. తొందరపడితే దాని మెడ విరుగుతుంది."

"మూడంటే గజాలా బాబాయ్?"

ఆయన కళ్లు తెరిచాడు. "గజాలు గుడ్డలకమ్మా. గుంటలకి అడుగులే."

ఆమె మళ్లీ మరోరోజు కావాలనే అడిగింది. మళ్లీ అదే కోపం. తర్వాత అది వాళ్లిద్దరికీ ఆటయింది.

ఒక్క కాగితం కూడా అచ్చు తీయనివ్వలేదు. మధ్యలో తీస్తే మధ్యలోనే ఉండిపోతుందని ఆయన పట్టు. నలభై ఒక్క వీధులయ్యాయి. ఇంకా ఏడు ఉన్నాయి. పన్నెండు రోజుల కిందట ఆయన రాలేదు. పక్షవాతం వచ్చిందని మర్నాడు తెలిసింది. కుడివైపు పడిపోయింది. మాట పోయింది.

ఈ మధ్యాహ్నం ఆయన భార్య వచ్చింది. స్టూలు మీద కూర్చుంది, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని.

"ఆస్పత్రిలో మాటలు నేర్పే అమ్మాయి ఉంది" అంది. "ఆయనకి కంఠతా వచ్చిందేదైనా చదివి వినిపించమంటోంది. వింటూ వింటూ ఉంటే నోరు కలుపుతారట. మొదటి నెలలో రాకపోతే ఇక కష్టమంటోంది. నేను పేపరు చదివించాను. మొహం తిప్పుకున్నారు. పాటలు పెట్టాను. కళ్లు మూసుకున్నారు. ఆయనకి కంఠతా వచ్చింది నీకు చెప్పిందొక్కటే కదమ్మా. రేపు పొద్దున మళ్లీ వస్తుంది ఆ అమ్మాయి."

"ఎంతసేపు పిన్నీ, ఇప్పుడే తీసిచ్చేస్తాను" అంది టైపక్క.

స్విచ్చి వేసింది. గోల. రెండు మొట్టికాయలు. నల్ల తెర. నొక్కింది. తెర నల్లగానే ఉంది. ఆపి మళ్లీ వేసింది. ఈసారి సగం దాకా వచ్చి ఆగింది. మూడోసారి గోల రంపం కోస్తున్నట్టు పెరిగింది. నాలుగు మొట్టింది. ఐదు. లేచింది, కిటికీ దాకా వెళ్లింది, తిరిగి వచ్చి కూర్చుంది. మళ్లీ లేచింది.

"ఇంకోచోట దాచావా?" అని అడిగింది పిన్ని.

టైపక్క తలుపు దగ్గర నించుని తమ్ముణ్ని పిలిచింది.

అతను రెండు చేతులకీ గ్రీజుతో వచ్చాడు. డబ్బాను చూశాడు, అక్క మొహం చూశాడు. వైర్లు పీకి, డబ్బాను వరండాలోకి మోసుకుపోయాడు. పక్కరేకు ఊడదీసి వెనక్కి జరిగాడు.

"అక్కా, ఇందులో పరుపు కుట్టించుకోవచ్చు."

దుమ్ము బూజులా పేరుకుని ఉంది. బ్రష్షుతో లాగితే చాపలా చుట్టుకుని వచ్చింది. అందులో ఒక గుండుసూది, ఒక విరిగిన గాజుముక్క, పొడుగాటి వెంట్రుకలు.

"పద్నాలుగో సీటావిడ" అన్నాడు తమ్ముడు. "జుట్టు బాగానే ఉండేది."

"వాగకుండా చెయ్యి."

మోటార్లు ఊదే బ్లోయరు తెచ్చాడు. ఫ్యాను రెక్క తిరిగిపోకుండా వేలు అడ్డం పెట్టి ఊదాడు. వరండా అంతా బూడిదరంగు పొగ. పిన్ని పైట ముక్కుకు అడ్డం పెట్టుకుని అక్కడే నించుంది, లోపలికి వెళ్లలేదు. ఫ్యాను నడుం ఎండిపోయి ఉంది. చుక్క నూనె వేశాడు. వేలితో తిప్పాడు. చప్పుడు లేకుండా తిరిగింది. అతని మొహం విప్పారింది. మోటారైతే అతనికి తెలుసు.

తర్వాత ఇంకాస్త లోపలికి చూశాడు.

"ఇదేంటి, ఒక్క స్క్రూ మీద వేలాడుతోంది?"

డిస్కు. నాలుగు స్క్రూలు ఉండాల్సిన చోట ఒకటే ఉంది. పాతసామానువాడు మిగతా మూడు వేయలేదు. వేలితో తాకితే ఊగింది, ఊడబోయే పన్నులా.

టైపక్క కింద పడి ఉన్న పక్కరేకును చూసింది. రేకు మధ్యలో రంగు పోయి, బొత్తామంత మచ్చ మెరుస్తోంది. ఆమె కణుపు రోజూ పడేచోటు. రేకు తీసి డబ్బాకు ఆనించి చూసింది. మచ్చకు సరిగ్గా వెనకే డిస్కు ఉంది.

తమ్ముడు ఆ మచ్చ మీద బొటనవేలు రుద్దాడు.

"నాన్న ఉంటే ఇంకోటి వేసేవాడు" అన్నాడు తమ్ముడు, నెమ్మదిగా.

షాపులోంచి మూడు స్క్రూలు వెతికి తెచ్చి బిగించాడు. డబ్బా బల్ల మీదకు తిరిగి వచ్చింది. స్విచ్చి వేశారు. ఫ్యాను చప్పుడు లేదు. ఏడాదిగా ఆ గదిలో అంత నిశ్శబ్దం లేదు.

ఆ నిశ్శబ్దంలో ఇంకో చప్పుడు వినబడింది. టిక్. కాసేపాగి, టిక్. ఇన్నాళ్లూ పెద్ద గోల కింద అది ఉంది. గోల తగ్గితే చాలు, నయమైందనుకుంది ఆమె.

తమ్ముడి పిడికిలి దానంతట అదే లేచింది. ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఇది మోటారు కాదు."

"లోపల తిరిగేది మోటారే అక్కా."

"తిరిగేది మోటారే. రాసుకున్నది కాదు."

అతను చెయ్యి దించాడు.

నల్ల తెర వచ్చింది. ఆమె ఈసారి మొత్తం చదివింది. తర్వాత నొక్కింది. చాలాసేపటికి తెర వెలిగింది.

వీధికొక ఫైలు. అన్నీ ఒకేసారి లాగితే డిస్కు తట్టుకోలేదని ఆమెకు తోచింది. ఒక్కొక్కటే పెన్‌డ్రైవులోకి పంపింది. ఒకటి దాటాక ఆగింది. టిక్ చప్పుడు నెమ్మదించాక ఇంకోటి. కుడిచెయ్యి ఊరుకోవడం లేదు. రెండుసార్లు డబ్బా దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. చివరికి దాన్ని తొడ కింద పెట్టుకుని ఎడమచేత్తో పని చేసింది.

"ఏది వచ్చింది?" అని అడిగేది పిన్ని, ప్రతిసారీ.

"కోళ్ల సందు."

"అక్కడే గుంటలో చెప్పులు పోగొట్టుకుని వట్టికాళ్లతో ఇంటికొచ్చారు. కొత్తవి."

"ప్రెస్సు వెనక వీధి."

"అక్కడ మూడు రోజులు నీళ్లు ఆపేశారు. వీధివాళ్లంతా నన్ను తిట్టారు. నేనేదో మింగేసినట్టు."

"మార్కెట్టు ముందు రోడ్డు."

"దాని సంగతి నాకు చెప్పలేదే" అంది పిన్ని. కాస్త ముందుకు వంగి తెర వైపు చూసింది, చదవడం రాకపోయినా.

తమ్ముడి షాపు ముందు ఎవరో మోటారు పట్టుకుని నించున్నారు. "రేపు రండి" అని కేకేశాడు, కదలకుండా.

ఇరవై. ఇరవై ఐదు. ఒక్కొక్కటి దాటడానికి పట్టే సమయం పెరుగుతోంది. వెలుగు కిటికీలోంచి గోడ మీదకు, గోడ మీద నుంచి నేల మీదకు జారింది. ఇరవై తొమ్మిది. ముప్ఫయ్యోది సగం నడిచింది. టిక్ టిక్ టిక్ అని తొందరపడింది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

తెర నల్లబడింది. తెల్లటి అక్షరాలు రెండే వరుసలు. డిస్కు లేదు. ఈసారి ఏ మీటా నొక్కమనలేదు.

పిన్ని చేతిసంచి జిప్పు తీసి, మళ్లీ వేసింది. "ఎన్ని పోయాయి?"

"పదకొండు. పన్నెండోది సగం."

"ఉన్నవి ఉన్నాయి కదా."

"నా చేత్తో నేనే పోగొట్టాను పిన్నీ. రోజూ కొంచెం కొంచెం."

పిన్ని కాదనలేదు. తమ్ముడు పెన్‌డ్రైవు చొక్కా జేబులో వేసుకుని, జేబు మీద చెయ్యి పెట్టుకుని, వీధి చివరి జిరాక్సు షాపుకు నడిచాడు. స్కూటరు తీయలేదు. గుంటల్లో ఎగిరి పడుతుందని కాబోలు.

కాగితాలు వెచ్చగా వచ్చాయి. ఆఖరి కాగితంలో అక్షరాలు ఒక చోటుదాకా ఉన్నాయి: పోస్టాఫీసు వెనక గోడ, తలుపు నుంచి కుడికి. అక్కడి నుంచి కింది దాకా అక్షరాలకు బదులు ఖాళీ గడులు.

మర్నాడు పొద్దున ఆమె స్విచ్చి దగ్గరికి వెళ్లలేదు. కాగితాలు, కలం తీసుకుని పిన్నితో ఆస్పత్రికి వెళ్లింది. మాటలు నేర్పే అమ్మాయి మంచానికి అటు కూర్చుంది. ఇటు ఆమె. ఆయన కప్పు వైపు చూస్తున్నాడు.

ఆమె చదివింది. సాయంత్రాలు కొట్టినదాన్ని ఆయనకు తిరిగి చదివి వినిపించినట్టే, అదే వేగంతో. కోళ్ల సందు. బేకరీ మెట్టు. మొదటి వీధికి ఆయన కదల్లేదు. రెండో వీధికి తల తిప్పాడు. ఐదో వీధి దగ్గర ఎడమచెయ్యి దుప్పటి మీద చక్రం తిప్పడం మొదలుపెట్టింది. నోరు మాత్రం కలపలేదు.

ముప్ఫయ్యో కాగితం వచ్చింది.

"పోస్టాఫీసు వెనక గోడ, తలుపు నుంచి కుడికి..."

ఆగింది. ఆయన చూస్తున్నాడు. ఆమె మధ్యవేలు మంచం కడ్డీ దగ్గర మడుచుకుంది. విప్పింది. చెయ్యి ఒళ్లో పెట్టుకుంది. అటువైపు అమ్మాయి ఏదో మాట అందించబోతే పిన్ని తల అడ్డంగా ఊపింది.

ఆయన ఎడమచెయ్యి దుప్పటి మీద నుంచి లేచింది. నాలుగు వేళ్లు.

"నాలుగు" అంది టైపక్క. "గజాలా బాబాయ్?"

ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. పెదవి ఒకవైపు లాగింది. గొంతులో గాలి కదిలింది.

"అ..." అన్నాడు. "అ..."

ఆమె అందించలేదు. ఆ కాగితం మీద, ఖాళీ గడుల పక్కన, 'నాలుగు' అని రాసింది. కలం ఎత్తి పట్టుకుని తర్వాతి మాట కోసం కూర్చుంది.