గెజిటెడ్ వైపు తిరిగే పడవ

ఫిబ్రవరి, రెండో శనివారం. వంశధార ఒడ్డు. హాజరైనవారు: నేను, మా బావ, ఓ రిటైర్డ్ హెడ్మాస్టరు, మా పెన్షనర్ల సంఘంలో మరో తొమ్మిది మంది, ఒడ్డున చేపలు ఎండబెట్టుకుంటున్న ఒకావిడ.

డైరీలో అలాగే రాసుకున్నాను. మర్నాడు పొడుగు పడవల పందెం, ఆ రోజు సాధన. మా పడవ మూతికి డ్రాగన్ తల బిగించారు. నా కంటికది జ్వరమొచ్చిన తొండలా ఉంది. ముందు ఒకరు మాకెదురుగా కూర్చుని డప్పు కొట్టాలి, జంటలుగా కూర్చున్నవాళ్లు ఆ దెబ్బకు తెడ్లు వేయాలి. వెనక చుక్కాని హెడ్మాస్టరుది.

సంఘం సభల్లో కుర్చీలెలా వేస్తామో పడవలోనూ అలాగే కూర్చున్నాం: గెజిటెడ్ హోదాలో రిటైరైనవాళ్లు కుడివైపు, మిగతావాళ్లం ఎడమవైపు. కుడివైపువాళ్లు తెడ్డు వేయడం తక్కువ, ఎలా వేయాలో చెప్పడం ఎక్కువ. దాంతో పడవ కుడికే తిరుగుతూ నది మధ్యలో గుండ్రంగా తిరిగింది.

"ఏటి మావా, గంగమ్మకి ప్రదచ్చినం సేస్తన్నారేటి?" ఒడ్డు మీంచి కేకేసింది చేపలావిడ.

"నీ సేపలు నువ్వు సూసుకోమ్మా!" అన్నాడు హెడ్మాస్టరు.

"సేపలు ఎండిపోనాయి. మీరే ఇంకా పచ్చిగున్నారు."

ఒడ్డెక్కాక హోదాలు కలిపేసి సీట్లు మార్చుకున్నాం. ఒక పెద్దమనిషి మాత్రం, తన సర్వీసులో ఎప్పుడూ ఎడమవైపు కూర్చోలేదని చాలాసేపు గొణిగాడు.

అంత సులువుగా తేలనిది డప్పు. అది బావ చేతిలో ఉంది. ఒడ్డున ఎవరైనా కనిపిస్తే హుషారెక్కి జోరు పెంచుతాడు, ఆయాసమొస్తే ఆపేస్తాడు. తెడ్లు ఒకదాన్నొకటి కొట్టుకున్నాయి. డప్పు మార్చాలని అందరూ అన్నారు. చెప్పే పని మాత్రం బామ్మర్దినని నాకు అంటగట్టారు.

నిరుడు మా అక్క పోయాక బావ గడప దాటడం మానేశాడు. "మావయ్యా, నాన్నని ఎలాగైనా బయటికి లాగు" అని మేనకోడలు ఏడిస్తే నేనే ఈ పడవలోకి లాక్కొచ్చాను. డప్పు లాక్కుంటే మళ్లీ మంచమెక్కేస్తాడు.

టీకొట్టు దగ్గర అడిగేశాను. "బావా, నీ డప్పుకి పెళ్లివారైనా పారిపోతారు. ఇంకొకరికి ఇచ్చీ."

"తెలుసురా బామ్మర్దీ. ఇంటికాడ నానేటన్నా గోడే ఇంటాది. ఇక్కడ తప్పు కొట్టినా పదిమంది ఊగతన్నారు. ఇవ్వను, పో."

తిరిగొచ్చి జట్టుకు చెప్పాను: డప్పు ఉంటుంది, ఎవరూ వినకండి, ముందు జంట భుజాలు చూసి తెడ్డు వేయండి.

"మరి డప్పెందుకు?" అన్నాడు హెడ్మాస్టరు.

"మీ బడిలో రోజూ పొద్దున్న మీ ఉపన్యాసం ఎందుకో, ఇదీ అందుకే."

మర్నాడు ఉదయం పందెం. మొదట్లో బావ తన ఇష్టానికి బాదాడు. మేం చెవిన పెట్టలేదు. ముందున్న భుజాలు వంగితే వంగాం, లేస్తే లేచాం. పడవ తిన్నగా సాగింది. ఎదురుగా కూర్చున్న మనిషి కదా, సంగతి కనిపెట్టేశాడు. డప్పు ఆపి మమ్మల్నే చూశాడు. అలిగాడనుకున్నాను. తెడ్డు వేయడం ఆపేశాను.

"ఒరే, ఆపీసినావేటి? ఎయ్యి!" అని అరిచాడు. ఆ తర్వాత మా తెడ్లు నీళ్లలో పడ్డ ప్రతిసారీ ఒక్క దెబ్బ వేశాడు. డప్పు వెంట జట్టు నడవాలట. మా జట్టు వెంట డప్పు నడిచింది. పడవకేమీ అభ్యంతరం లేకపోయింది.

ఆఖరున చేరాం. మిగతా జట్లు అప్పటికే ఇడ్లీలు తింటున్నాయి. నిర్వాహకులు డప్పు విప్పబోతే బావ దాని మీద చెయ్యి తియ్యలేదు.

"వచ్చే ఆదివారం ఎన్ని గంటలకి రమ్మంతావురా?" అని నన్నడిగాడు.