పిల్ల వచ్చినారు

మాన్యులైన పాఠశాల కార్యవర్గ సభ్యులకు, పూర్వ విద్యార్థినులకు, వారి తల్లిదండ్రులకు విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు నమస్కరించి వ్రాయునది.

ఈ లేఖ మీద తేదీ గాని, ఊరి పేరు గాని వేయలేదు. ఆ రెండూ లేని లేఖలకు మార్కులు కోసిన చేయి ఇది. అయినా తెలిసే మానివేశాను. "అది ఆనాటి మాట, ఆ ఊరి మాట" అని ఎవరూ తప్పించుకోగూడదు.

మీ కార్డు అందింది. "మన పాఠశాలలో పనిచేసిన సిస్టరు గురువారం ఉదయం మరణించింది. సంస్మరణ సభకు నాలుగు మాటలు వ్రాసి పంపగలరు" అని ఉన్నది. చదివాను. ఎర్రసిరా కలం తీసి "మరణించింది" కొట్టివేసి, పైన "మరణించారు" అని వ్రాశాను. ఆ తరువాతనే నాకు దుఃఖం వచ్చింది. నిజానికి మీ వాక్యంలో వ్యాకరణ దోషం లేదు. నేను దిద్దింది ఒప్పును. ఎందుకు దిద్దానో చెప్పడానికే ఈ లేఖ.

సిస్టరమ్మ మలయాళ దేశం నుంచి వచ్చిన కన్యాస్త్రీ. సముద్రపు ఇసుకలో, తాటాకు కప్పు కింద మన బడి నడుస్తున్న రోజులవి. లెక్కలు ఆమె చెప్పేవారు. తెలుగు నేను చెప్పేవాణ్ణి. మధ్యాహ్నం గంట కొట్టి, త్రికాల జపం ముగించుకొని, భోజనానికి ముందు పావుగంట సేపు నా దగ్గర తెలుగు నేర్చుకొనేవారు. శకటరేఫ, అదే బండి ఱ, దగ్గర కూడా తడబడని మనిషి ఒక్క తప్పు మాత్రం దిద్దుకోలేదు. ఏ విద్యార్థిని గడప దాటి లోపలికి వచ్చినా "పిల్ల వచ్చినారు" అనేవారు.

"పిల్ల వచ్చింది అనాలి, సిస్టరమ్మా. పురుషుడైతే వచ్చాడు. స్త్రీలు, పశుపక్ష్యాదులు, ప్రాణం లేని వస్తువులు ఏకవచనంలో ఒకే తరగతి. అమహత్తులు" అని వివరించాను.

"పిల్ల వచ్చింది, బర్రె వచ్చింది, గంప వచ్చింది. అంతా ఒకటేనా మాస్టారూ?"

"వ్యాకరణం అంతే."

"మా మలయాళంలో రాజు వచ్చినా మేక వచ్చినా క్రియ ఒకటే. అందరం నేల మీదే కూర్చుంటాం. మీరు మగవాళ్ళకు విడిగా పీట వేసినారు. వేసినాక, నా పిల్లలకూ వేయవలసిందే."

"ఇది ప్రార్థన కాదు సిస్టరమ్మా, క్రియాపదం."

"దేవుడు పేరు పెట్టి పిలుస్తాడు మాస్టారూ. 'అది' అని పిలవడు" అని చేతుల సుద్ద దులుపుకొని లేచారు.

ఐదో తరగతికి చేపలు పట్టే పాళెం నుంచి ఒకే ఒక్క ఆడపిల్ల వచ్చేది. క్షమించాలి, వచ్చేవారు. ఒకనాడు ఆమె తండ్రి వచ్చి వసారాలో నిలబడ్డాడు.

"సిస్టరమ్మా, రేపట్నించి అది రాదు."

సిస్టరమ్మ చుట్టూ చూశారు. "ఏది? మేకా?"

తరగతి కిసుక్కున నవ్వింది.

"మేకేంది! మా పిల్ల."

"పిల్లగారు రారా? ఎందుకు రారు?"

"గారా! దానికా! మా ఇంటిది గంపెత్తుకొని ఊళ్ళ మీదికి పోతాది. ఎండేసిన చేపల కాడ కాకుల్ని తోలే దిక్కు లేదు. అయినా అది సదివి యాడికి పోవాల? మీ మతంలో కలుపుకొనేదానికా?"

"నా దేవుడు నా దగ్గర ఉన్నాడు. ఆమెకు భిన్నాలు రావాలి, అంతే."

అతడు నా వైపు తిరిగాడు. "అయ్యోరా, మీరు సెప్పండి. ఈయమ్మ మాట్టాడే తెలుగు తప్పా, ఒప్పా?"

ఆ పిల్ల నా ముఖం వైపు చూశారు. ఆ చూపు ఇంకా నా మీదనే ఉన్నది.

"తప్పే" అన్నాను.

"ఇన్నారా? తెలుగే రాని మనిసి నా బిడ్డకి సదువు చెప్తాదంట!" అని చేయి పట్టుకొని తీసుకొనిపోయాడు.

సిస్టరమ్మ మరునాడు హాజరు పిలుస్తూ ఆ పేరు దగ్గర ఆగారు. "ఆమె రాలేరట. మనకు కాళ్ళున్నాయి కదా" అని చిన్న నల్లబల్ల చంకన పెట్టుకొని నడిచారు. వెనుక తరగతి యావత్తూ. ఆ వెనుక, చెప్పులు చేత పట్టుకొని, నేను.

చేపలు ఆరబోసిన ఇసుక మీదనే పాఠం. వాసనకు ఓర్వలేక ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకొంటే, "పద్యం ముక్కుతో చెప్పరు మాస్టారూ" అన్నారు. ఎక్కాలూ పద్యాలూ గొంతెత్తి చెప్పించేవారు. అందరూ ఒక్కసారిగా అందుకొనేసరికి చేపల మీది కాకులు గుంపుగా లేచేవి. "కాకి లేవలేదంటే పాఠం రానట్టే" అనేవారు. ఆమె తెల్లని అంగీ అంచుకు పొలుసులు అంటుకొని మెరిసేవి. మఠంలో ఎవరో ఆక్షేపించారట. "ప్రభువు మొదట పిలిచింది ఎవరిని? ఈ వాసన ఉన్నవాళ్ళనే కదా" అన్నారట.

ఆ తండ్రి వల బాగుచేసుకొంటూ రోజూ వినేవాడు. వారం తిరిగాక ఒక ఉదయం సూది పక్కన పెట్టాడు.

"ఇంక చాల్లే తల్లీ. పిల్లని బడికాడికే తోల్తా. కాకుల సంగతి నేను చూసుకొంటా."

"తోలవద్దు. పంపండి" అన్నారు సిస్టరమ్మ.

ఆ పిల్లే నెల్లూరులో శిక్షణ పూర్తి చేసి, ఈనాడు మన బడిలో ఐదో తరగతికి పంతులమ్మగా ఉన్నారు.

కార్డు అందిన పూటే బయలుదేరి, గూడూరులో బస్సు మారి వచ్చాను. సమాధి మీది మట్టి తడి ఇంకా ఆరలేదు. పాళెం అంతా అక్కడే ఉన్నది. తోట వాకిలి దగ్గర ఆ తండ్రి, భుజం మీది తువ్వాలు చేత పట్టుకొని, జనాన్ని పక్కకు జరుపుతున్నారు.

"జరగండి, జరగండి. దారియ్యండి. మా పాప వస్తా ఉండారు."

ఎవరూ నవ్వలేదు. అది తప్పని అక్కడ ఎరిగినవాణ్ణి నేనొక్కడినే.

ఆనాడు నన్నడిగిన ప్రశ్నకు ఈనాడు మళ్ళీ జవాబు వ్రాస్తున్నాను. తప్పే. బ్రతికినంత కాలం ఆ తప్పు నేను చేస్తాను. ఆమె సమాధి రాతి మీద కూడా అదే తప్పు చెక్కించండి. దిద్దదలచినవారు దిద్దవచ్చును, ఎర్రసిరా నా దగ్గరా ఉన్నది.

ఈ లేఖను సభలో చేతులు మార్చుకొని మౌనంగా చదువుకోవద్దని ప్రార్థన. ఆ పంతులమ్మగారి చేత చదివించండి. వాకిళ్ళు తెరిచి, గొంతెత్తి చదివించండి. అవతల ఇసుక మీద, ఆరే చేపల మీది నుంచి, కాకులు లేవాలి.