నాన్న కళ్లలో పోసిన నెయ్యి

మొన్న హౌరా బజారు మీదుగా వస్తుంటే, మూలికల కొట్టు ముందు ఆరబోసిన కరక్కాయల వగరు వాసన ముక్కుకు తగిలింది. అంతే, మా లిలువా రైల్వే క్వార్టరు, చలికాలపు ఆదివారాలు, నాయనమ్మ త్రిఫల నీళ్లు ఒక్కసారిగా గుర్తొచ్చి ఒళ్లు మండింది. చిన్ననాటి వాసనలు అందరికీ తియ్యగా ఉంటాయట. నాకు ఆ భాగ్యం లేదు.

శ్రీకాకుళం నుంచి కొడుకు వెంట వచ్చిన నాయనమ్మ కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ దంచి నానబెట్టి, పొద్దున్నే పాత పంచె గుడ్డలో వడకట్టి, ఇంటిల్లిపాది చేతా ఆ నీళ్లతో కళ్లు కడిగించేది. బెంగాలీల పెరటి గోడ మీంచి వంగిన నందివర్ధనం పూలు కోయించి మా రెప్పల మీద పరిచేది. పక్కింట్లో ఖర్జూర బెల్లంతో కాచే పాయసం వాసనకు మేం మెడలు సాచుతుంటే, పొన్నగంటి కూర పప్పు ముందుకు తోసి "ముందిది తినండర్రా" అని గదమాయించేది.

వర్క్‌షాపులో ఫిట్టరైన నాన్నకు చూపు మసకబారడం మొదలయ్యాక ఆమె వైద్యం ముదిరింది. ఆయన్ను చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, మినపపిండి ముద్దను కళ్ల చుట్టూ గట్టులా కట్టి, అందులో త్రిఫలతో కాచిన గోరువెచ్చని నెయ్యి పోసేది. నెయ్యి కింద కళ్లు తెరుచుకుని కదలకుండా పడుకున్న నాన్నను చూస్తూ మేం గోళీలాట కూడా మానేసేవాళ్లం. అమ్మ మాత్రం రైల్వే ఆసుపత్రికి పొమ్మని రోజూ పోరేది.

"డాక్టరు సూపు లేదని రాసీసినాడంటే ఏటవుద్దో తెలుసా? మిసను మీంచి దింపీసి ఊడ్సే పనిలో ఎట్టీస్తారు," అనేవాడు నాన్న.

వర్క్‌షాపులో కొన్నేళ్లకోసారి కంటి పరీక్ష తప్పదు. ముందు వెళ్లొచ్చినవాళ్లు గోడ మీది అక్షరాల వరుసలను తర్వాత వెళ్లేవాళ్లకు నేర్పిపెట్టడం అక్కడి స్నేహం. పక్క క్వార్టరు బెంగాలీ దాదా సాయంత్రాలు మా వరండాలో కూర్చుని నాన్న చేత ఆ వరుసలన్నీ వల్లె వేయించాడు. నాన్న తడుముకోకుండా అప్పజెప్పి నెగ్గుకొచ్చాడు. ఆ రోజు ఇంట్లో చేపల పులుసు, పండగ. అసలు సంగతి తెలియని నాయనమ్మ తన నెయ్యి మహిమ వీధంతా చాటుకుంది. అది వినీ వినీ నాన్న కూడా నమ్మేశాడు. అన్నీ తెలిసిన మనిషి ఎలా నమ్మాడో నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

నడుస్తూ గోడలకు గుద్దుకోవడం మొదలయ్యాకే ఆసుపత్రికి వెళ్లాడు. కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిందని, మొదట్లోనే చుక్కల మందు వాడుంటే కొంత చూపైనా నిలిచేదని, పోయింది ఇక రాదని చెప్పారు. నాయనమ్మ మళ్లీ కరక్కాయ ముట్టలేదు.

ఇప్పుడు నాయనమ్మా లేదు, అమ్మా లేదు, ఆ క్వార్టర్లూ పడగొట్టేశారు. చూపు పూర్తిగా పోయిన నాన్న నా దగ్గరే ఉంటాడు. పోయిన వారం నేనూ కళ్లు చూపించుకున్నాను. ఇది వంశంలో దిగే జబ్బట. నా చూపు పక్కల నుంచి ఇప్పటికే చాలా పోయిందట.

"డాక్టరేటన్నాడ్రా?" అన్నాడు నాన్న, నేను ఇంట్లో అడుగుపెట్టగానే.

"ఏటీ లేదు నాన్నా. కళ్లు బాగున్నాయన్నాడు."

ఆయన మంచం అంచు తడుముకుంటూ నా వైపు తిరిగాడు.

"మరైతే నెల్లాళ్ల నుంచీ నా మంచం కోడు తన్నుకుంతన్నావేట్రా?" అన్నాడు.